పడిపోయిన మాట

మతుజీన్యుష్ రేవు పక్కన సార్డిన్ డబ్బాల కంపెనీ.
మెట్ల కింద అర.
టేపు చుట్టిన పాత స్విచ్చి,
దాని మీద ఎవరో మరిచిపోయిన కాఫీ కప్పు.
ఫోన్లు బాగుచెయ్యమని పిలిచారు నన్ను.
ఫోన్లకేమీ కాలేదు.

ఒక్క మాట పోయింది, అంతే.

"ఇవాళ ఎక్కించొద్దు" అని
లారీల బెల్మీరుకి చెప్పింది గ్రసియెత్.
వాళ్ళ భాషలో వద్దు ముందొస్తుంది:
నౌఁ.
తెలుగు రాతలోంచి ఎప్పుడో జారిపోయిన అరసున్నా
అక్కడ ముక్కులో ఇంకా బతికే ఉంది.
రెప్పపాటు కూడా పట్టని అక్షరం.
అదొక్కటీ చేరలేదు.
మిగతాదంతా గంట కొట్టినట్టు చేరింది.
మూడొందల పెట్టెలు లారీ ఎక్కాయి.

దారిలో పడిపోయింది మాట.
మాట పడింది గ్రసియెత్.

ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ.
అవతలివాడు గొంతు సవరించుకుంటే చాలు, పేరు చెప్పేస్తుంది.
"వయసు కదా" అన్నాడు మేనేజరు, మెత్తగా.
ఇకపై ప్రతి కాలూ నోటుబుక్కులో రాసి
సంతకం పెట్టమన్నాడు.
పెడుతోంది.

ఈ ఫోను గొంతును కోస్తుంది,
సెకనుకి యాభై ముక్కలు.
ఒక్కోదాని మీదా చిరునామా రాసి
జనంలోకి తోస్తుంది.
ఉత్తరం ఆలస్యమైనా చదువుకుంటాం.
ఫోటో ఆగి ఆగి నిండినా సర్దుకుంటాం.
మాట అట్లా కాదు.
సెకనులో ఏడోవంతు దాటిందా
ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఒకేసారి ఆగి,
"మీరు చెప్పండి", "లేదు, మీరే చెప్పండి".
వెనకబడిన ముక్క కోసం ఎవరూ ఆగరు,
వచ్చినా గుమ్మంలోనే పారేస్తారు.
కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేం.
ఈ సామెత కట్టినవాళ్ళు వైరు ముక్క చూసి ఉండరు.
నా వృత్తి మొత్తం
వాళ్ళు ముందే చెప్పేశారు.

మూడు రోజులు ఆ అరలో కూర్చున్నాను.
గ్రాఫు రోజంతా చదును,
సాయంత్రం నాలుగింటికి రంపం పళ్ళు.
నాలుగింటికి గోడౌన్లో ఏడు కెమెరాలు
పొద్దుట్నించీ చూసిన ఖాళీ నడవాలన్నీ
క్లౌడుకి ఎక్కిస్తాయి.
బయటికి పోయే దారి ఉన్నదే సన్నం,
ఎవరూ ఎన్నడూ చూడని బొమ్మలతో నిండిపోతుంది.

ఆమె నోటుబుక్కు అడిగాను.
"సరిగా వినలేదన్నారు" అని రాసుకున్న చోటల్లా
టైము చూశాను:
నాలుగూ పది. నాలుగూ ఇరవై. నాలుగూ ఐదు.
గ్రాఫు పక్కన పెట్టాను.
నేరం మోపడానికి పెట్టించిన పుస్తకం
సాక్షి అయి కూర్చుంది.
గ్రసియెత్ కళ్ళద్దాలు తీసి,
తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అంతే.
మేనేజరు మాత్రం స్విచ్చి ధర అడిగాడు.

మార్చాను.
గొంతుకి వేరే దారి వేశాను. అది వస్తుంటే
తక్కినవన్నీ పక్కకి జరగాలి,
చేపల వేలంలో ఐసు బండికి జరిగినట్టు.
కెమెరాలని అర్ధరాత్రికి తోశాను.
కరెంటు పోయినా అరగంట నిలిచే బ్యాటరీ పెట్టాను,
కాఫీ కప్పు కడిగి ఇచ్చాను.

మర్నాడు ఫోను చేసింది.
"మరీ శుభ్రంగా ఉంది.
అవతలివాళ్ళు మాట ఆపితే
చచ్చిపోయారనిపిస్తోంది."
నిజమే. మౌనాన్ని పంపడం దండగని
ఈ ఫోను మౌనాన్ని పంపదు.
ఒక మీట ఉంది, నొక్కాను.
ఎవరూ మాట్లాడనప్పుడు
ఆమె ఫోనే ఆమె చెవిలో
సన్నటి హోరు అల్లుతుంది. ఉత్త అబద్ధం.
"ఆఁ, ఇప్పుడున్నారు" అంది.

నెల తర్వాత బిల్లు కోసం వెళ్ళాను.
గడియారం నాలుగు దాటింది. లైను అద్దంలా ఉంది.
నోటుబుక్కు మూసే ఉంది.
గ్రసియెత్ ఎవరితోనో చెబుతోంది:
నౌఁ.
ఒక్క క్షణం ఆగి, కాస్త గట్టిగా,
మళ్ళీ నౌఁ.