అగ్గిపుల్ల సందు

మొన్న పాడేరు ఘాట్‌లో
బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయింది.
వెనకనుంచి కాఫీ బస్తాలు తోస్తున్నాయి,
రెండో గేరు గొంతు చించుకుంటోంది.
కొండగోడకి ఎడమ చెక్క ఆనించి
రాసుకుంటూ రాసుకుంటూ ఆపేను.
రేకు ముడతలో ఎర్రమట్టి ఇంకా ఉంది.
కడగలేదు.

ఇప్పుడు ఆటోనగర్‌లో, దాలినాయుడి షెడ్డులో
జాకీల మీద బోడికాళ్లతో నిలబడి ఉంది జీపు.
ముందు రెండిటికీ కొత్త డిస్కులు, అన్నం కంచాలంతేసి.
వాటిని కరిచిపట్టే కాలిపర్లు
ఆబోతు మూపురాల్లా పొడుచుకొచ్చేయి.
పాత చక్రం ఎక్కించబోతే
ఠంగుమంది.
తిప్పి పెట్టేం. మళ్లీ ఠంగు.

"పదారో పదేడో ఏసుకోరాదేటి బావూ,
కుర్రోళ్లందరూ పెద్దయ్యే ఏసుకుంతన్నారు."

కుర్రోళ్లకి బీచ్ రోడ్డు.
నాకు ముంచంగిపుట్టు దాటేక గెడ్డ,
గెడ్డనిండా గుండ్రాళ్లు.
రిమ్ము పెరిగితే రబ్బరు పలచబడుతుంది,
రాయి నేరుగా రిమ్ముతో మాట్లాడుతుంది,
రిమ్ము నా నడుంతో.
పైగా ఈ టైర్లకి
ఇంకా నాలుగు వాయిదాలున్నాయి.

ఇదంతా చెప్పలేదు.
"పదిహేనే" అన్నాను.

జలీల్ గ్రైండర్ తీసేడు.
దాలినాయుడు ప్లగ్గు పీకేసేడు.
"ఇనుం తినీసినాక మళ్లీ పెట్టగలవేట్రా?
పదిహేనులన్నీ ఒకలాటియి కావు.
కొన్నిటికి పొట్ట లోపలికుంటాది, కొన్నిటికి బైటికి."

షెడ్డు వెనక తుక్కుగుట్ట.
ఏ బండ్ల కాళ్లో, ఏ లోయల్లో ఊడినవో,
వానకి తడిసి ఒకదానిలో ఒకటి నిద్రపోతున్నాయి.
ఒక్కొక్కటే దొర్లించుకొచ్చేం.

పక్క హోటల్నుంచి పరోటా పిండి తెమ్మన్నాడు.
టిఫినుకేమో అనుకున్నా.
ఉసిరికాయంత ముద్ద చేసి
కాలిపర్ మూపురం మీద అద్దేడు.
చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పేడు.
నలిగిన పిండిని బ్లేడుతో కోసి
పక్కన అగ్గిపుల్ల పెట్టి చూసేడు.
"పుల్లకన్నా పలచన. పారీ."

"తగలటం లేదుగా" అన్నాను.

"ఇయ్యేళ తగల్లేదు.
ఏడెక్కితే ఇనుం ఉబ్బుతాది. ఇసక దూరతాది.
తగలకపోడం ఏరు బావూ, సందుండడం ఏరు."

పదకొండోది పట్టింది.
దానికి తోబుట్టువులు ఇంకో మూడు దొరికేయి.
అయిదోది దొరకలేదు.
స్టెప్నీ వెనక్కే పనికొస్తుంది.
ముందు టైరు పంచరైతే వెనకది ముందుకి,
స్టెప్నీ వెనక్కి.
ఒక పంచరుకి రెండు చక్రాలు విప్పాలి, వానలో, గెడ్డ ఒడ్డున.
సరే అన్నాను.
కొండ దిగేవాడు ఏదో ఒకటి ఒప్పుకోవాలి కదా.

సీసం బరువులు కూడా
లోపల కాకుండా బయటి అంచుకి అతికించేడు,
చెవి రింగుల్లాగ.

సాయంత్రం యారాడ కొండ మీంచి దింపేం.
కింద సముద్రం,
హార్బరు పిలుపు కోసం లంగరేసుకున్న ఓడ ఒకటి.
మలుపులో కాలు ఆన్చేను, ఆన్చేనంతే.
పానాలన్నీ సీటు కిందనుంచి నా మడమలకి కొట్టుకున్నాయి.
జలీల్ నుదురు అద్దం దాకా వెళ్లి వచ్చింది.
జీపు ఆగింది.
ఆగినచోటే ఉంది.
నా మోకాలు మాత్రం
ఇంకా పాడేరులోనే వణుకుతోంది.

మళ్లీ ఎక్కేం. మళ్లీ దింపేం. మూడుసార్లు.

మూడోసారి అడుగున ఆపితే కమ్మటి వాసన.
దాలినాయుడు కిటికీలోంచి తల పెట్టి
"ఎవుడ్రా రొట్టి కాల్తన్నాడు?" అన్నాడు.
జలీల్ నాలిక్కరుచుకున్నాడు.
ఎడం చక్రంలో పిండి తియ్యడం మరిచిపోయేడు.
రిమ్ము కన్నంలోంచి పుల్లతో గీకితే
ఊడి రోడ్డు మీద పడింది,
నఖమంత రొట్టె, ఒకవైపు నునుపుగా,
అంచున బ్రేకు మసి.

యారాడ కుక్క వచ్చి వాసన చూసి వద్దంది.

డాష్‌బోర్డు అరలో వేసుకున్నాను,
ఆర్సీ కాయితాల పక్కన.
రాత్రి ఇంటికెళ్లి కొలిచేను.
అగ్గిపుల్లకన్నా
వెంట్రుకవాసి ఎక్కువే.