నల్లదారం చీమ

సహమ్‌లో మా కుట్టుకొట్టుకి ఒకాయన
ఒళ్ళంతా జేబులున్న కోటు తెచ్చాడు.
జిప్పు పోయింది, గురువారం వస్తానన్నాడు.
ఆ గురువారం ఇంకా రాలేదు.

లోపలి జేబులో పొగాకు డబ్బా,
డబ్బాలో ఈగలు. పదిహేడు. ఒక్కటీ ఎగరదు.
ఈకా బొచ్చూ దారమూ చుట్టిన గాలాలు,
చిటికెన వేలి గోరంతవి.
ఏడాది ఆగాను.
ఆ తర్వాత ఒకదాన్ని కత్తెర మొనతో విప్పాను.
దర్జీకి ఏ విద్యైనా అంతే,
విప్పితేనే కుట్టు తెలిసేది.

సోహార్ చేపల బజారులో
అన్నిటికన్నా చిన్న గాలం అడిగితే
"పిల్లలకా?" అన్నాడు కొట్టువాడు.
అవునన్నాను.
దాన్ని మిషను పాదం కింద బిగించి
పెండ్లిబట్టల్లో మిగిలిన జరీతో
నా మొదటి ఈగ కట్టాను: బంగారు రెక్కలు,
ఎర్ర తోక, మెడలో రెండు పూసలు.

శుక్రవారం, నమాజు అయ్యి, తిన్నది కాస్త అరిగాక
హమ్దాన్ తోటలో బిర్కా దగ్గరికి పోయాం,
నేనూ, పంపు చూసే బలోచీ దాద్‌ముహమ్మదూ.
సిమెంటు తొట్టి, నడుము లోతు.
దోమపిల్లల్ని తింటాయని ఎవరో వదిలిన జిలేబీ చేపలు
ఇప్పుడు దోమలకన్నా ఎక్కువైనాయి. అరచెయ్యి దాటదు ఒక్కటీ.
ఖర్జూరపు మట్ట ఈనెకు దారం కట్టి విసిరాను.
ముస్తాబై వచ్చిన ఈగను చూసి
పెండ్లివాళ్ళే పారిపోయారు.

"నోరు చూశావా మాస్టర్?" అన్నాడు దాద్‌ముహమ్మద్.
ముప్పై ఏళ్ళు మెడలో టేపు వేసుకొని తిరిగినవాణ్ణి,
కొలత తీసుకోకుండా కత్తిరించాను.

ఆ రోజు నుంచి మొదట కూర్చుంటాను.
గట్టు మీద, చెప్పులు విడిచి,
నీళ్ళలో నా నీడ పడకుండా.
పంపు ఆడి నీళ్ళు బురదైతే నల్లది కడతాను,
కిందనుంచి చూసే కంటికి నలుపే ఆనుతుంది.
నీళ్ళు తేరి పచ్చగా ఉంటే మేకగడ్డం వెంట్రుక, మట్టిరంగు.
చలికాలం చేప అడుగున ముడుచుకుంటుంది,
కాలిపోయిన మోటారు రాగితీగ రెండు చుట్లు చుట్టి
ఐదు లెక్కపెట్టేదాకా దాని మానాన దాన్ని దిగనిస్తాను.
ఆరు లెక్కపెడితే నాచు.

కాయ పండే నెలల్లో మాత్రం ఇంకేదీ వద్దు.
రాలిన ఖర్జూరం తునకలు మోసుకుంటూ
తొట్టి అంచున చీమల బారు నడుస్తుంది.
గాలి తోస్తే ఒకటి జారుతుంది,
ఒక గుండ్రం, ఒక చప్పుడు,
ముద్దు పెట్టినంత చప్పుడు. చీమ ఉండదు.

అబాయా దారంతో రెండు ముద్దలు చుట్టాను,
మధ్యలో నడుము.
ఈ చీమకి నడుమే ప్రాణం,
అది లావైతే మిరియం గింజ అవుతుంది,
మిరియం కోసం ఏ చేపా పైకి రాదు.
ఆడవాళ్ళ కుట్టు తెలిసినవాడికి
ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా.

పడింది. పట్టింది. ఈనె వంగింది.
నా దారమే తెగింది.
మళ్ళీ శుక్రవారం ఇంకో చీమకి ఇంకో చేప,
ఎత్తి చూద్దును కదా, ఇంకో చేప కాదు,
పెదవి మూల నా పాత చీమ వేలాడుతోంది.
దాద్‌ముహమ్మద్ గట్టు మీద పడి నవ్వాడు,
నిమ్మకాయ కోసి సిద్ధంగా పెట్టుకున్నవాడు,
ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యమన్నాడు.
రెండు గాలాలూ తీసి నీళ్ళలో పెట్టాను.
నా వేళ్ళ మధ్య ఒక్క క్షణం ఆగింది,
దారి గుర్తు రానట్టు.

కోటు ఇంకా కొక్కేనికే ఉంది, చీటీ నంబరు రెండొందల పన్నెండు.
జిప్పు ఎప్పుడో వేశాను.
డబ్బాలో పదహారే ఉన్నాయి కాబట్టి
నా చీమనొకటి పెట్టి మూత వేశాను.
గురువారం ఆయన వస్తే
లెక్క సరిపోవాలి.