సీసాలో లేని ఇల్లు

ఉలాన్‌బాతర్‌లో తెల్లవారుజాము ఆరు.
సున్నాకి ముప్పై రెండు కింద.
వ్యాను ఇంజను ఆపితే మళ్ళీ లేవదు,
అందుకని నేను దిగను.
స్టీరింగ్ పట్టుకుని చూస్తుంటాను.

దులమ్‌సురేన్ గడ్డపారతో మూత చుట్టూ మంచు కొడుతుంది,
కొక్కెం వేసి లాగుతుంది.
భూమి ఆవలించినట్టు
గుప్పున ఆవిరి.
మనిషి నడుం దాకా మాయమైపోతుంది.

ఊరంతటిలో ఇప్పుడు వెచ్చగా ఉన్నది ఇదొక్కటే,
ఊరు వద్దనుకుని వదిలేసింది.

ఈ వేళకే రావాలట.
పదకొండో అంతస్తులో అలారం మోగి
మొదటి మనిషి తడుముకుంటూ లేచాక,
నలభై వేల నిద్రమొహాలు
ఒక్క గొట్టంలో కలిసి ఇటే వస్తాయట.
మంత్రిదీ, మెట్లు తుడిచే ముసలమ్మదీ
ఒకటే రంగు.

"డాక్టరుకి అబద్ధం చెప్తారు,
అత్తకి చెప్తారు, ఆఫీసుకి చెప్తారు.
దీనికి చెప్పలేరు" అంటుంది తను,
తాడు కట్టిన చిన్న బకెట్టు దించుతూ.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
దేవుడి సంగతేమో గాని
ఈ నీరు రెండూ ఎరుగును.

లీటరు సీసా. పైన తేదీ,
మ్యాన్‌హోల్ నంబరు పదిహేడు.
పేర్లుండవు.
తర్వాత ఐసుపెట్టె.
వేరే దేశాల్లో అందులో మంచుగడ్డలు వేస్తారట
చెడిపోకుండా.
మేం గోరువెచ్చని నీళ్ళసంచి పెడతాం
గడ్డకట్టకుండా.
పైన తన శాలువా కూడా కప్పుతుంది,
అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని
గుడారంలోకి తెచ్చినట్టు.

పోయిన నవంబరులో పదిహేడు పలికింది.
తట్టు, అంది.
ఆ వారం ఏ ఆసుపత్రిలోనూ
ఒక్క పిల్ల ఒంటిమీద పొక్కు లేదు.
"ఖాళీ మంచాలకి కాపలా ఏమిటి" అని
అధికారి బోల్డ్‌సైఖాన్ విసుక్కున్నాడు.
తొమ్మిదో రోజు మొదటి పిల్లాడొచ్చాడు.
అప్పటికే టీకాలు మెట్లెక్కి
తలుపులు కొడుతున్నాయి.

రేడియోలో ఆ మాట విన్నప్పుడు
నాకు గర్వమేసింది. వ్యాను నడిపింది నేనే కదా.
ఆ ఊపులోనే అన్నాను,
"అయితే మా ఇంటి కబురూ ఇందులో ఉందన్నమాట."

సీసా తుడుస్తున్న చెయ్యి ఆగింది.
"మీ ఇల్లెక్కడ?"

ఉత్తరం కొండమీద.
గుడారం, బొగ్గుపొయ్యి, చెక్కల కంచె,
కంచె మూలన గొయ్యి, గొయ్యి మీద రెండు బల్లలు.
చలికాలం అందులో ఏదీ పారదు,
పెరిగి పెరిగి స్తంభమవుతుంది.
ఆదివారాలు నేనే గునపంతో విరగ్గొడతాను.

"లేదు" అంది.
అంతే.

సగం ఊరు కొండలమీదే ఉంది.
సగం ఊరి జ్వరం ఏ గొట్టంలోకీ దిగదు,
ఏ కాగితంమీదా గీతై లేవదు.
ఆ గీత కిందికి వాలిందని ఆఫీసులో మిఠాయిలు పంచిన రోజున
మా పక్కకంచె ఖాందు చిన్నకూతురు
కళ్ళు ఎర్రబడి, వెలుతురు చూడలేక
దుప్పటి ముసుగేసుకుని పడుకుంది.
ఆ పిల్ల గురించి ఏ నీరూ ముందుగా చెప్పలేదు.
మా ఆవిడే చెప్పింది, కంచె మీదుగా తొంగిచూసి.

రోజూ పొద్దున్నే తను మొదటి పాలటీ
గరిటెతో ఆకాశానికి చల్లుతుంది
నాలుగు దిక్కులా.
పైకి చెప్పుకోవడం మాకు చేతనవును.
కిందికి చెప్పుకునే దారే లేదు.

ఈ శనివారం దులమ్‌సురేన్ వ్యానెక్కి
"పదిహేడుకి వద్దు, మీ కొండకి పోనీ" అంది.
ఆర్డరుందా అని నేనడగలేదు.
గొయ్యి దగ్గర గునపం నేనే అందించాను.
సిగ్గేసింది.
ఇరవై ఏళ్ళ ఇంటిగుట్టు మరి.
తను మోకాళ్ళమీద కూచుని
గోధుమరంగు పెచ్చొకటి సంచిలో వేసి
"నంబరెంత రాయను?" అంది.

మా గోతికి నంబరు లేదు.

చీటీమీద ఖాళీచోటు చూశాను.
"కొండ" అని రాయమన్నాను.
వెనకాల ఇంజను నడుస్తూనే ఉంది.