అట

బుర్గాస్ దాటాక ఉప్పుమళ్ళు.
బస్సు దిగేసరికే పెదవుల మీదికి ఉప్పు చేరింది.
ఈ నేల మీదే ప్రొదాన్,
ఉప్పు తోడే కూలి,
ఉప్పు మానెయ్యమన్నాడు.
మూడొందల గడపలు మానేశాయి.

ఆరేళ్ళుగా అతని జీవితం రాస్తున్నాను.
మొదటి అధ్యాయానికి ఇప్పటికి పదకొండు మొదళ్ళు.
నీళ్ళ మీద నడిచాడంటాయి వాళ్ళ కీర్తనలు.
"మడిలో నీళ్ళు జానెడు, మా గాడిదా నడుస్తుంది"
అని రాసింది అప్పటి పోలీసు దస్త్రం.
నవ్వాను.
ఆ దస్త్రం రాసిన చెయ్యే
అతని వేళ్ళు రెండు విరగ్గొట్టిందని
ఇంకో కాగితం దొరికాక
నవ్విన నోరు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మా బల్గేరియన్ భాషలో క్రియ సాక్ష్యం చెబుతుంది.
కళ్ళారా చూస్తే ఒక ముగింపు,
చెవిన పడితే ఇంకొకటి.
నడిచాడు.
నడిచాడట.
ఆ చిన్న తోక దగ్గరే నా కలం మొరాయిస్తుంది.
పెడితే భక్తులు రాళ్ళు వేస్తారు,
తీస్తే నా మీద నేనే వేసుకోవాలి.

కెరానాకు ఎనభై దాటాయి.
వాళ్ళలో మిగిలింది ఆమె, మంచం పట్టిన ఇంకో ఇద్దరు.
చిక్కుడుగింజల పులుసు పెట్టింది, చప్పిడిగా.
నా జేబులో పొట్లం ఉంది. తియ్యలేదు.
"తండ్రి నీళ్ళ మీద నడిచాడు" అంది.
"పాదాల కింద నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి.
కొంగలు తలలు వంచాయి."
ఎక్కడా అట లేదు.
ఆ రోజుకి ఆమె తల్లికింకా పెళ్ళే కాలేదు.

రుసానా సంగతి అడిగాను.
పదిహేనేళ్ళ పిల్ల. ఉపవాసపు గది.
బయట గొళ్ళెం పెట్టారని కొందరు,
లోపల తనే పెట్టుకుందని కొందరు.
గది ఇదే, ఈ పొయ్యి పక్కది.
రుసానా ఈమె అక్క.
పదేళ్ళ చెల్లెలు ఏడు రాత్రులూ
గుమ్మం ఇవతలే పడుకుందని
డాక్టరు కాగితంలో ఒక్క వరుస.

కెరానా చెంచా గిన్నెలో వదిలేసింది.
"నీళ్ళడిగిందట" అంది.

బయట ఎవరో ఉప్పు పోగు చేస్తున్నారు,
పార నేలను గీరుతోంది.

"తర్వాత అడగలేదట."

పులుసు అడుగుదాకా తాగాను.

రాత్రి బసలో రాశాను: నీళ్ళడిగింది.
కొట్టేశాను. నేనక్కడ లేను.
ఆమె మాట ఆమె పెట్టినట్టే
తోకతో సహా ఉంచేశాను.
పక్కన అంచులో, చిన్న అక్షరాలతో,
వచ్చేముందు అడుగులు వేసి కొలిచింది మాత్రం రాసుకున్నాను:
గుమ్మానికీ పొయ్యికీ మధ్య చోటు,
పదేళ్ళ పిల్ల
ముడుచుకుంటే సరిపోయేంత.