నీళ్ల గంట

పదింటికొకటి, పదకొండున్నరకొకటి,
అన్నాలయ్యాక ఇంకొకటి.
ఉత్తర్వు వచ్చింది, గోడకి అంటించాం.
ఎండలు ముదిరాయి గనక పిల్లలు వేళకి నీళ్లు తాగాలి,
తాగినట్టు ఫొటో తీసి పంపాలి.

మా బళ్లో గంట లేదు.
పోయిన తుఫానుకి రేకులతో పాటే ఎగిరిపోయింది.
వంటచేసే తవిటమ్మ పలాస నుంచి తెచ్చింది
జీడిపిక్కలు కాల్చిన పాత ఇనప మూకుడు.
అట్లకాడతో ఒక్కటిస్తే
సరుగుడు తోటలు దాటి సముద్రందాకా వినబడతాదని
ఆవిడ గొప్ప.

మొదటిరోజు మూకుడు మోగగానే
అందరూ సీసాలెత్తారు.
మోక్షిత ఎత్తలేదు.
సీసా నిండుగానే ఉంది, మూత బిగించే ఉంది.
"తాగవేమే?"
"ఏ నీళ్లు తాగమంటారు టీచర్?"

ఉద్దానంలో పిల్లలకి
ఈ ప్రశ్న పాలపళ్లకంటే ముందొస్తుంది.
బోరువా, కుళాయివా, ఇరవై రూపాయల డబ్బావా.

వాళ్ల నాన్న కొబ్బరిచెట్లెక్కే మనిషి.
ఇప్పుడు ఆసుపత్రి మెట్లే ఎక్కుతాడు, వారానికి రెండుసార్లు,
రక్తం కడిగించుకోడానికి.
"నాన్నకి రోజుకి అరలీటరే టీచర్.
సిస్టరమ్మ గ్లాసుకి గీత గీసింది.
నేను గడగడా తాగితే ఆయన సూస్తాడు గదా."

ఇంట్లో నేర్చుకున్న దాహం
బళ్లోకొస్తే మరిచిపోతుందా?

నీళ్ల వల్ల అన్నారు, నొప్పి మాత్రల వల్ల అన్నారు,
ఎండలో ఒళ్లు వంచినందుకన్నారు.
బావినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు
కబురు చెప్తామన్నారు.

శ్రీకాకుళంలో శిక్షణకి పిలిచారు.
తెరమీద ఎర్రగా కాలుతున్న జిల్లా పటం,
చల్లటి హాలు, మనిషికో సీసా.
రెండు గుక్కలు తాగి వదిలేసినవి వదిలేయగా
మూత విప్పనివి నాలుగు నా సంచిలో వేసుకున్నాను.
దొంగతనమే.

మర్నాడు ఐదో తరగతికి తీసివేతలు.
పుస్తకంలో లెక్కలైపోయాయి,
పేపర్లో చదివింది బోర్డుమీద రాశాను.
రెండువేల డెబ్బైకి దేశం తన పొగలెక్క సున్నా చేస్తానంది.
అప్పటికి మీకెన్నేళ్లు?

కూర్మారావు తన వేళ్లు చాలక
పక్కవాడి వేళ్లు అరువు తీసుకున్నాడు.
వెనకబెంచీలో ఎవడో, "అప్పటికి మన బడి ఉంటాదా?
సముద్రం ఇలగే వొస్తంది గదా" అన్నాడు.
నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో.

మోక్షిత అందరికంటే ముందు చెప్పింది,
"యాభై ఐదు."
కింద ఇంకో తీసివేత వేసుకుంది, నేనివ్వనిది.
యాభై ఐదులోంచి ముప్పై ఎనిమిది.
పదిహేడు.

"ఇదేంటమ్మా?"
"ముప్పై ఎనిమిది మా నాన్న వయసు.
ఆయనకంటే పదిహేడేళ్లు ఎక్కువుంటే
ఆ సున్నా నేను సూస్తాను."

దిద్దడానికి ఎర్ర స్కెచ్ పెన్ను తీశాను.
లెక్క తప్పులేదు.
తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టలేక
సంచిలోంచి ఒక సీసా తీసి
అడుగుకి నాలుగు వేళ్లపైన గీత గీశాను.
"ఇది శ్రీకాకుళం నీళ్లు. ఇక్కడిదాకా దిగాలి.
మీ నాన్న గీత అంతకుమించి తాగొద్దని.
నీ గీత అంతదాకా తాగమని."

మూత విప్పింది.
కిటికీలోంచి రోడ్డువైపు ఒకసారి చూసింది,
ఎవరైనా వస్తున్నారా అని.
తాగింది. మెడలో గుటకలు
ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది.

సరిగ్గా గీత దగ్గర ఆపింది.
చుక్క అటూ ఇటూ కాలేదు.
మిగిలింది మూత బిగించి సంచిలో దాచుకుంది.

ఎవరికని నేనడగలేదు.
ఆరోజు ఫొటో పంపలేదు.
సంజాయిషీ అడుగుతూ మెసేజీ వచ్చింది.
బయట తవిటమ్మ టైము చూసుకోకుండా
మూకుడు కొడుతూనే ఉంది.