ముందు ఫోటో

మా ఆఫీసు గదిలో నాలుగు బీరువాలు.
ఊరి కాలవలన్నీ వాటిల్లోనే పారతాయి,
ఎండాకాలంలో కూడా.

కండెల వీధి మురుగు కాలవ:
పొడవు నాలుగు వందల పన్నెండు మీటర్లు.
అరవై లక్షలు గ్రాంటు,
ఇరవై లక్షలు అప్పు,
పది లక్షలు మన మునిసిపాలిటీ వాటా,
అంటే లేనిది.

మొదటి విడత వచ్చింది, సిమెంటు పడింది.
రెండో విడతకి పైవాళ్ళు అడిగింది ఒకటే:
పనికి ముందు ఫోటో, పని తర్వాత ఫోటో.
తర్వాతది ఉంది.
తెల్లగా మెరిసే కాలవ పక్కన
మేస్త్రీ మునిరత్నం పెండ్లికొడుకు మాదిరి నిలబడినాడు.
ముందుది లేదు.
మురుక్కి ఎవురు ఫోటో తీస్తారు?

నగరిలో ఇల్లిల్లూ తిరిగినా.
మరమగ్గాల మోతలో
అడిగిందే రెండుసార్లు అడిగినా.
"ముందెట్లుండిందో మాకు తెలుసు గదా సార్,
ఫోటో ఎందుకు?" అన్నాడు ఏకాంబరం
తెగిన పోగు ముడేస్తా.
వళ్ళియమ్మ మాత్రం బిందె పక్కన పెట్టి
నన్నే నిలదీసింది:
"ఇందులో ఊరికే ఇచ్చింది ఏ పక్క?
అప్పు ఏ పక్క?
చెప్తే, ఆ పక్కన అంట్లు కడగము."

నవ్వేసి వచ్చినా గానీ
రాత్రి పద్దు రాస్తా ఉంటే
ఆ మాట వచ్చి అంకెల పక్కన కూర్చునింది.
లేవమంటే లేవదే.

"కొండమీద సామే పెండ్లికి అప్పు చేసినాడు,
మనమెంతయ్యా" అన్నారు చైర్మన్ గారు.
"ఆయనకి హుండీ ఉండాది సార్."
"మనకి కుళాయి పన్ను లేదా?"

కుళాయికి నెలకి ముప్పై పెంచినాము.
ముప్పై రూపాయలంటే ఏకాంబరం మగ్గం మీద
ఎన్ని మూరల గుడ్డో లెక్క కట్టినా.
ఆ కాగితం ఏ ఫైల్లోనూ పెట్టలేదు.

ఎనిమిదో రోజు కామాక్షమ్మ వచ్చింది,
అద్దం పగిలిన ఫోను కొంగులో చుట్టుకోని.
"మా చెల్లెలి కొడుకు తీసినాడు సార్.
కాలవ కనపడతాది గదా,
సరిపోతాదేమో చూడండి."

చూసినా.
లుంగీలు తొడలదాకా ఎగ్గట్టిన నలుగురు.
మోకాటి లోతు నల్లనీళ్ళు.
పాడె ఒక పక్కకి ఒరిగింది,
బంతిపూలు జారి మురుగులో తేలతా ఉండాయి.
ముందు కొమ్ము భుజాన మోసేది మునిరత్నమే,
జారకుండా పండ్లు కరిచి పట్టుకోని.
పాడె మీద సెల్వరాజు,
కామాక్షమ్మ మొగుడు.

"సరిపోతాది" అన్నా.

పోర్టల్ తీసుకోలేదు. ఫైలు పెద్దదంట.
కుడిపక్క గోడ కోసినా. ఎక్కలేదు.
ఎడమపక్క కరెంటు స్తంభం కోసినా. ఎక్కలేదు.
ఇంక మిగిలింది నీళ్ళు, మనుషులు, పాడె.
కర్సర్ వాటి చుట్టూ తిరిగింది
ఈగ మాదిరి.
కోయలేక
అంతా మసక చేసి పంపినా,
రెండు వందల కేబీకి దించి.

రిమార్కులు అని ఒక గడి ఉంది,
అవసరమైతేనే నింపవలెను.
కీ.శే. సెల్వరాజు, నేత కార్మికుడు
అని రాసినా.
తుడిచినా.
మళ్ళా రాసినా.

డబ్బు ఇంకా రాలేదు.
వచ్చే సోమవారం అంటారు,
ఏ సోమవారమో చెప్పరు.

సాయంత్రం కండెల వీధిలో
కాలవ మూత పలకల మీద పిల్లోళ్ళు బొగ్గుతో గీత గీసినారు.
ఇవతల గ్రాంటు, అవతల అప్పు.
ఎవురు నేర్పించినారో,
వళ్ళియమ్మ అయితే వాకిట్లో నవ్వతా ఉండాది.
ఒంటికాలి మీద ఎగరాల,
అప్పు పలక తొక్కితే ఔటు.

నేను పోవాల్సింది ఆ దారినే.
సైకిలు దిగి, ఎక్కడ కాలు పెట్టాల్నో చూసుకుంటా
రెండడుగులు వేసినానో లేదో
ముక్కు కారే పిల్లోడొకడు కేక పెట్టినాడు:

"సార్ తొక్కినాడు!"