పరగడుపు లెక్క

నైట్ షిఫ్టు దిగి కంచరపాలెం చేరేసరికి
పాలవాడు ఖాళీ క్యానులతో తిరిగెళ్తుంటాడు.
ఊరందరికీ తెల్లారే వేళ నాకు పొద్దుగూకుతుంది.
డాక్టరమ్మ చీటీ మీద రాసింది:
పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి.
"నాది ఏ పూట పరగడుపమ్మా?" అన్నాను.
పెన్ను ఆపి ఆవిడా కాసేపు ఆలోచించింది.
"నువ్వు నిద్ర లేచిందే నీకు పొద్దు."

అప్పటినుంచి మధ్యాహ్నం రెండున్నరకి నాకు తెల్లారుతోంది.
మర్రిపాలెం వైపు గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ
వేలి కొసన కాదు, పక్కన
(అక్కడైతే నొప్పి తక్కువని మందులషాపు కుర్రాడి మాట)
టక్కున ఓ పోటు.
ఆవగింజంత నెత్తురు.
ఐదు, నాలుగు, మూడు...
అంకె వచ్చేదాకా నేను
పదో తరగతి ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లాణ్ణే.

మొదటిరోజు రెండువందల పద్నాలుగు.

రేవులో నా క్రేనుకీ ఓ మీటరుంది.
మోయగలిగిన బరువు కాస్త దాటినా
కూతపెట్టి తాళ్లు బిగబట్టేస్తుంది.
ఇరవై రెండేళ్లు దాని మాట జవదాటనివాణ్ణి,
నా ఒంట్లో కూత లేదనుకున్నాను.
ఉంది. అరుస్తూనే ఉంది.
రాత్రికి నాలుగుసార్లు లేచినప్పుడూ,
అరికాల్లో మేకు దిగితే
చెప్పులో తడి చూసిగాని తెలియనప్పుడూ.

అంకెలన్నీ హైమ పాత ఎక్కాల పుస్తకం వెనక పేజీల్లో రాస్తాను.
పదమూడో ఎక్కం దగ్గర మొదలైంది నా జబ్బు.
"నిన్నటిది రాయలేదేం నాన్నా?"
నిన్న మేనల్లుడి పెళ్లిలో మాడుగుల హల్వా.
రాయకపోతే తిననట్టే అనుకున్నాను.
అది నావైపు చూసి, అంకె ఉండాల్సిన గడిలో
గుండ్రటి అక్షరాలతో రాసింది: హల్వా.

బీచ్ రోడ్డులో తెల్లబూట్లవాళ్లు నడిచే వేళ
నేను దుప్పటి ముసుగులో ఉంటాను.
అందుకని లిఫ్టు మానేశాను.
క్రేను పైకి నూట నలభై రెండు మెట్లు.
మొదటివారం ముప్ఫయ్యో మెట్టు దగ్గరే
ఇనపరెయిలింగు పట్టుకుని చేపలా నోరు తెరిచాను.
"లిఫ్టు చెడిపోయిందేటి?" కిందనుంచి గౌరునాయుడు.
"లేదురా, నేనే చెడిపోయాను."
నెల తిరిగేసరికి అరవై, తర్వాత తొంభై.
ఇప్పుడు ప్రతి మలుపులో ఓ ఊరు కొత్తగా కనిపిస్తుంది.
ముందు బొగ్గుగుట్టలు, ఆపైన చేపలరేవు బోట్లు,
ఇంకా పైన డాల్ఫిన్స్ నోస్ దీపం
చీకటిని తుడిచి తుడిచి చూస్తూ.

గర్వం వచ్చింది కాబోలు.
ఒక రాత్రి టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచి,
మాత్ర మాత్రం మింగి, మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేశాను.
ఒంటిగంట నలభైకి
లంగరేసిన ఓడల దీపాలు రెండేసి అయ్యాయి.
చొక్కా తడిసింది. లీవరు మీద వేళ్లు
నావి కానట్టు వణికాయి.
కొక్కేనికి పెట్టె వేలాడుతోంది.
ముందు దాన్ని దించాను,
నిద్రపోయిన పిల్లని మంచం మీద వేసినట్టు.
తర్వాతే సూది.

అరవై ఒకటి.

జేబులో బెల్లంముక్క, కాగితం పొట్లంలో,
అవసరం రాదనుకుంటూనే మోసినది.
నాలుగు నెలలుగా పగవాడిలా చూసిన తీపి
నాలుక మీద కరుగుతూ నన్ను వెనక్కి లాక్కొచ్చింది.
రేడియోలో అరుపులు: "ఏమైంది పైన?"
"పావుగంట ఆగండి."
ఏ దేశపు ఓడో తెలీదు,
నా నెత్తురు కోసం పావుగంట ఆగింది.

తొంభై ఏడు.
గౌరునాయుడు వచ్చాడు, లిఫ్టులోనే.
"దిగు. మిగతాది నేను లాగుతాన్లే.
దిగేటప్పుడైనా మెట్లెక్కకు."
ఇద్దరం నవ్వాం. నాకింకా మోకాళ్లలో వణుకు.

పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాను:
మెట్లు 142. అన్నం లేదు. 61. బెల్లం. 97.
హైమ చాలాసేపు చూసింది.
టిక్కు పెట్టలేదు, తప్పూ పెట్టలేదు.
గడి పక్కన పెన్సిలుతో
ఆగి ఉన్న ఓడ ఒకటి గీసి
నా డబ్బా సర్దడానికి లేచింది.